దేవుడి బల్ల ముందు ప్లాస్టిక్ బిందె

ఆ రోజుల్లో మా వైపు చాలా వాటికి కొరత ఉండేది. కిరసనాయిలుకు కొరత, చక్కెరకు కొరత, ఎండాకాలం వస్తే మంచినీళ్లకు మరీ కొరత. అభిప్రాయాలకు మాత్రం ఎన్నడూ కొరత లేదు. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో ఉన్న మా ఊరికి వాటిని టోకున సరఫరా చేసేవాడు మా నాన్న. ఆయన చేసేది దర్జీ పని. రోడ్డు పక్కన తాటాకు పంచలో కుట్టుమిషను, దాని ముందు ఒక బల్ల. ఆ బల్ల మీద కూర్చునేవాళ్లలో సగం మందికి కుట్టించుకోవడానికి గుడ్డే ఉండేది కాదు, ఊరికే వినిపోవడానికి వచ్చేవాళ్లు. నెల్లూరు బస్సులో ముందురోజు పేపరు వచ్చేది (ముందురోజుదే మంచిదనేవాడు నాన్న, మన చేతికి వచ్చేసరికి అబద్ధాలు కాస్త చల్లారి ఉంటాయట). కాళ్లతో మిషను తొక్కుతూ, పెదాల మధ్య సూది పట్టుకొని, లోకంలో జరిగే సమస్తం మీదా తీర్పు చెప్పేవాడు. నోట్లో సూది ఉన్న మనిషితో వాదించడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

నయాపైసలు వచ్చినప్పుడు, అణాకు ఆరు పైసలిచ్చి మిగిలిన ముక్కను ఎవడో ఢిల్లీలో కూర్చొని నొక్కేస్తున్నాడని ఆయన తేల్చాడు. గజాలు పోయి మీటర్లు వచ్చినప్పుడు, గజమంటే మనిషి చెయ్యి, మరి మీటరు ఎవడి చెయ్యి అని అడిగాడు. జవాబు ఇప్పటికీ నాకు తెలియదు. రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపించారంటే, కాపలాకు పనికొచ్చే కుక్కను ఎవడూ అంత దూరం పంపడని కొట్టిపారేశాడు. వనస్పతి డబ్బాలో మంచిది డబ్బా ఒక్కటేనట. చిరగని టెరిలిన్ చొక్కాలు దర్జీల మీద జరుగుతున్న కుట్ర. పంచాయతీ రేడియోతో మాత్రం ఆయనకు సొంత తగాదా ఉండేది. అది చెప్పడమే గానీ వినదని కోపం. అయినా సాయంత్రం వార్తలు వచ్చే వేళకు దాని ముందు నిలబడి, ప్రతి వార్తకూ జవాబు చెప్పేవాడు. వార్తలు చదివేవాళ్లకు వినపడి ఉంటే ఉద్యోగం మానుకొని ఉండేవాళ్లు.

ఇంత తెలిసిన మనిషికి కొడుకుగా పుట్టిన నేను పరీక్ష తప్పాను. తప్పినవాడికి మా ఇంట్లో ఒకే దారి ఉండేది, నాన్న పక్కన పీట వేసుకొని కాజాలు కుట్టడం. ఏడాది పాటు కుట్టాను. కళ్లు మూసినా కాజాలే కనపడేవి. ఎలాగో పాస్టరు గారి సిఫారసు మీద నెల్లూరు పెద్ద బజారులో ఒక సామాన్ల కొట్లో పని దొరికింది. అప్పుడప్పుడే ప్లాస్టిక్ బిందెలు దిగుతున్న కాలం. ఎర్రవి, పచ్చవి, నీలంవి, మద్రాసు నుంచి లారీలో వచ్చేవి. మా షావుకారు (కొట్లో మేం ఆయనకు పెట్టుకున్న పేరు మెల్లగయ్య, ఏ మాటా గట్టిగా అనడు) నన్ను చుట్టుపక్కల పల్లెలకు పంపేవాడు. కొన్ని ఊళ్లలో అమ్మాను. ఒకరోజు ఆయన మెల్లగా, మీ ఊళ్లో ఒక్కటి కూడా పోలేదేం అబ్బాయ్ అని అడిగాడు. సొంత ఊళ్లో అమ్మలేనివాడు ఎక్కడ అమ్ముతాడు, పండగ దాకా చూస్తాను, లేకపోతే ఇంకెవరినైనా పెట్టుకుంటాను అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ నాకు చెవుల్లో కుట్టుమిషను మోగింది.

మా ఊళ్లో ఎందుకు పోలేదో ఆయనకు చెప్పడం కష్టం. బల్ల మీద కూర్చున్న వాళ్లందరికీ నాన్న అప్పటికే ప్లాస్టిక్ గురించి పాఠం చెప్పేశాడు. ఇత్తడి బిందె అంటే అవసరానికి కుదవ పెట్టుకోవచ్చు. సొట్టపోతే తీయించుకోవచ్చు. కూతురికి పేరు చెక్కించి ఇవ్వొచ్చు. కుదవకు పనికిరానిది అసలు సామానే కాదని ఆయన సిద్ధాంతం. మగవాళ్లు తలూపి ఇళ్లకు పోయేవాళ్లు, ఇంటికి పోయాక అదే మాట ఆడవాళ్లకు చెప్పేవాళ్లు. మా ఊరి బావుల్లో నీళ్లు ఉప్పన. మంచినీళ్లు కావాలంటే సరుగుడు తోపు దాటి, కాళ్లు కూరుకుపోయే ఇసకలో నడిచి, అవతలి బావికి పోవాలి. మా అమ్మ రోజూ ఇత్తడి బిందెతో పోయేది. తిరిగొచ్చాక కాసేపు గడప మీద నడుం పట్టుకొని కూర్చునేది. దాని మీద కూడా నాన్నకు అభిప్రాయం ఉండేది. నీళ్లు మోస్తే ఆడవాళ్లకు నడుం గట్టిపడుతుందట.

నాకు కోతల పండగ గుర్తొచ్చింది. మా చర్చిలో ఏటా ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఉప్పు మూటలు. ఆరాధన అయ్యాక బయట పందిట్లో వాటిని వేలం వేస్తారు, వచ్చింది చర్చికి. బల్ల ముందుకు వచ్చినదాన్ని వద్దనకూడదు, అమ్ముడుపోయేదాకా వేలం ఆపకూడదు. ఆ వేలం వేసేది ఎన్నో ఏళ్లుగా మా నాన్న. గొంతు పెద్దది కాబట్టి ఆయనకిచ్చారని పెద్దలు అనేవాళ్లు. నిజానికి ఇవ్వకపోతే కింద కూర్చొని అంతకంటే పెద్ద గొంతుతో వ్యాఖ్యానం చేస్తాడని భయం. నా లెక్క ఇదీ: నేనొక ప్లాస్టిక్ బిందె కానుక పెడతాను. దేవుడి సొమ్మును తిట్టలేడు గదా, నాన్న నోటితోనే దానికి నాలుగు మంచి మాటలు పడతాయి. ఆ నోటి నుంచి వస్తే ఊరంతా కొంటుంది. (పాతికేళ్లు నిండని బుర్రకు అది గొప్ప వ్యాపార సూత్రంలా తోచింది.) మెల్లగయ్యను కూడా వచ్చి చూడమన్నాను.

పండగనాడు నీలం రంగు బిందెను గుమ్మడికాయల మధ్య పెట్టగానే సంఘ పెద్ద ఒకాయన లేచాడు. ఇది ఏ పొలంలో పండిందో చెప్పమన్నాడు. కాసేపు గుసగుసలు. ఉప్పు మాత్రం ఏ పొలంలో పండిందని మూటలు తెచ్చిన ఉప్పు కొటారు వాళ్లు వెనకనుంచి అడిగారు. చివరికి పాస్టరు గారు, కుర్రవాడి కష్టంలో మొదటి ఫలం గదా, ఉండనివ్వండి అన్నారు. నాన్న అటు చూడనట్టే కూర్చొని పాట పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు. ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.

వేలం మొదలయింది. పందిట్లో ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క చాపల మీద ఆడవాళ్లు, చెప్పుల దగ్గర గొడుగు ఒళ్లో పెట్టుకొని మెల్లగయ్య. నాన్న మంచి ఊపులో ఉన్నాడు. గుమ్మడికాయను చూపించి ఎరువుల రేట్ల గురించి చెప్పాడు. కోడిని ఎత్తి పట్టుకొని పంచాయతీ ఎన్నికల గురించి చెప్పాడు (కోడి కూడా శ్రద్ధగా విన్నది). అన్నీ అమ్ముడుపోయాయి. ఇక నీలం బిందె మిగిలింది. నాన్న దాన్ని చిటికెనవేలితో ఎత్తి అందరికీ చూపించాడు.

"దీన్ని బిందె అంటండారు. కుదవ పెట్టేదానికి లేదు. గట్టిగా గాలొస్తే పక్కూరికి పోతాది, మళ్లా మనం పోయి తెచ్చుకోవాల. దేవుడి బల్ల కాడికి వచ్చింది గాబట్టి అమ్ముతుండా. అర్ధరూపాయి. ఎవురన్నా ఉండారా?"

పందిరి మొత్తం నవ్వింది. నా సూత్రంలో ఎక్కడో కాజా తప్పిందని అప్పటికి అర్థమయింది. వేలం వేసేవాడు సరుకును పొగడాలన్న నియమం బైబిలులో లేదు. మగవాళ్లెవరూ నోరు విప్పలేదు. మెల్లగయ్య గొడుగు తీసుకొని లేవబోతున్నాడు. పీట, సూది, తెల్లదారం, జీవితాంతం కాజాలు నాకు వరసగా కళ్ల ముందు కనపడ్డాయి. ఏడుపొచ్చింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి, రూపాయి అని వినపడింది. మా అమ్మ గొంతు. ఆమె ఏ వేలంలోనూ నోరెత్తిన మనిషి కాదు. నాన్న ఆ మాట వినపడనట్టు మగవాళ్ల వైపే చూస్తూ, ఆడోళ్లలో ఎవురో దగ్గినట్టుండారు అన్నాడు. అమ్మ మళ్లీ అంది, ఈసారి లేచి నిలబడి. నాన్న ఇక తప్పించుకోలేక, ఇంట్లో ఇత్తడి బిందెలు ఉండంగా ఈ బుడగ ఎందుకని అడిగాడు. చర్చిలో భర్తకు ఎదురు జవాబు చెప్పే అలవాటు మా వైపు లేదు. అందుకని అమ్మ ఆయన వైపు తిరగలేదు. పాస్టరు గారి వైపు తిరిగి, కొంగు సర్దుకొని, మామూలుగా చెప్పింది.

"అయ్యగారూ, ఆయనకు ఢిల్లీ తెలుసు, రష్యా తెలుసు, చంద్రమండలం తెలుసు. తోపు అవతల బావి యాడుండాదో ఎన్నడన్నా చూసినాడేమో అడగండి. ఆ ఇసకలో ఇత్తడి బిందె మోసేది నేను. నా నడుముకు కూడా ఒక అభిప్రాయం ఉండాది."

పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు (ఆయనకూ బావి దారి తెలియదని తర్వాత పాస్టరమ్మగారే చెప్పింది). మొదట నవ్వింది మా కోళ్లత్త. నాన్నకు చెల్లెలి వరస, ఊరి కోళ్లన్నీ ఆమెవే కాబట్టి ఆ పేరు. నవ్వి ఊరుకోకుండా, రూపాయిన్నర అంది. అమ్మ రెండంది. వెనక చాప మీద నుంచి ఇంకెవరో పెంచారు. ఇంకొకరు పెంచారు. అంతవరకు ఎరువుల రేట్లు విని నిద్రపోతున్న ఆడవాళ్లంతా మోకాళ్ల మీదికి లేచారు. ఎవరు ఎంత పెంచినా అమ్మ వదల్లేదు. పాట పెంచించాల్సిన మనిషి నాన్న, చివరికి డబ్బు కట్టాల్సిన మనిషీ నాన్నే. అమ్మ నోటి నుంచి కొత్త అంకె వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని అరిచి చెప్పాలి. మొదట్లో అరిచాడు. తర్వాత చెప్పాడు. చివరికి మెల్లగయ్య కంటే మెల్లగా అన్నాడు. ఒకటోసారి, రెండోసారి అని, ఆయన కోళ్లత్త వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఇంకొక్క మాట పెంచు తల్లీ, ఇది నా ఇంటికి రాకుండా చెయ్యి అని బతిమాలుతున్న చూపు. కోళ్లత్త తాంబూలం నములుతూ పందిరి వంక చూసింది. మూడోసారి.

కొట్లో అమ్మే ధర కంటే ఎంతో ఎక్కువకు ఆ బిందె మా ఇంటికి వచ్చింది. మెల్లగయ్య చుట్టూ ఆడవాళ్లు మూగారు. అసలు ధర విన్నాక ఎవరూ బేరం కూడా ఆడలేదు, పాటలో అంత విన్నాక అది ధర్మంగా ఇచ్చినట్టే అనిపించి ఉంటుంది. నా ఉద్యోగం నిలబడింది. పోతూ పోతూ ఆయన నన్ను పక్కకు పిలిచి, మీ నాన్నను మిగిలిన పల్లెలకు కూడా పంపితే బాగుంటుందే, ఆయన తిడితే సరుకు పోతుంది అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు.

నాన్న ఆ బిందెలో నీళ్లు తాగనని ప్రకటించాడు. ఇత్తడి బిందె నీళ్లే కావాలన్నాడు. అమ్మ సరేనంది. రోజూ ప్లాస్టిక్ బిందెతో నీళ్లు తెచ్చి, ఇత్తడి బిందెలో వంచేది. ఆయన చెంబుతో ముంచుకొని తాగి, అదీ రుచి అని మూతి తుడుచుకునేవాడు. అమ్మ నా వైపు చూసేది కాదు, చూస్తే ఇద్దరం నవ్వేస్తాం.

ఆ ఎండాకాలంలో అమ్మకు జ్వరం వచ్చి కొన్నాళ్లు మంచం దిగలేదు. ఒక పొద్దున నేను బస్సుకు పోతుంటే తోపు వైపు నుంచి నాన్న వస్తున్నాడు. భుజం మీద బిందె. ఇత్తడిది కాదు. అయితే నీలం రంగు కనపడటం లేదు. ఎవరి పంట్లాం గుడ్డో మిగిలితే దానితో బిందెకు మెడ దాకా చొక్కా కుట్టాడు, పైన నాడా కూడా పెట్టాడు. చూసేవాళ్లకు తెలియకూడదని. ఊళ్లో ఇంకే బిందెకూ చొక్కా లేదు కాబట్టి, చూడనివాళ్లకు కూడా తెలిసిపోయింది. చెమటతో ముఖమంతా ఎర్రబడింది, కాళ్లకు ఇసక. నన్ను చూసి ఆగాడు. ఏదో ఒక అభిప్రాయం వస్తుందని నేను సిద్ధంగా నిలబడ్డాను.

"దూరమేరా," అన్నాడు. అంతే. నన్ను దాటుకొని ఇంట్లోకి పోయాడు. అమ్మ లేచి తిరిగాక కూడా పొద్దుటి బిందె ఆయనే తెచ్చేవాడు. ఎండ మంచిదని ఎవరో డాక్టరు పేపర్లో రాశాడని బల్ల మీద చెప్పుకున్నాడు.

ఇప్పుడు మైపాడు ఒడ్డుకు పోతే అలతో పాటు ప్లాస్టిక్కే వస్తుంది. ఆయన మాటలో కాస్త నిజముందని నాకు తెలుసు, ఆయనకు చెప్పే వీలు లేదు. నేనూ ముసలివాణ్ణయ్యాను, అభిప్రాయాలు నాకూ వచ్చాయి, దర్జీ బల్ల లేదు కాబట్టి వసారాలో కూర్చొని చెబుతుంటాను. నీళ్లు కొనుక్కొని తాగడమేమిటి, ఇంతకంటే సిగ్గుమాలిన కాలం వస్తుందా అని మొన్న పేపరు పట్టుకొని గట్టిగానే మాట్లాడుతున్నాను. లోపలి నుంచి మా ఆవిడ, క్యాను అయిపోయింది, వీధి చివరి కొట్టు దాకా పోయి తెమ్మంది. ఆమెకు మోకాళ్ల నొప్పి. లేచాను. వచ్చేటప్పుడు నీళ్ల క్యాను భుజానికెత్తుకొని, ఎందుకో నాకే తెలియకుండా, మెడలో ఉన్న తువ్వాలు తీసి దాని మీద కప్పాను.