డెస్ చొక్కా గుండీలు

ఉద్యోగంలో చేరిన నాలుగో నెలకే సెసీలియా పేరు ఆఫీసంతా మారుమోగింది. అంతకుముందు పన్నెండేళ్లు బండబర్గ్ ఊళ్లో కూరగాయల షెడ్డులో చిలగడదుంపలు పెట్టెలకెత్తిన మనిషి. ఇప్పుడు వికలాంగుల ఇళ్లకు వెళ్లి సాయం చేసే పని. మంచాన పడ్డవాళ్లను చూసుకోవడం టోంగా దీవుల ఆడదానికి ఒకరు నేర్పాలా అని ఆమె ధీమా.

ఆమెకు అప్పగించిన మనిషి డెస్. మిల్లుకు చెరకు మోసే రైలు నడిపినవాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, నోరు మాత్రం పడిపోలేదు. మొదటిరోజే "సార్ అన్నావంటే గేటు దగ్గరే ఆపేస్తా" అన్నాడు.

రోజూ ఉదయం రెండు గంటలు. స్నానం, మందులు, టోస్టు, చొక్కా. గుండీలు తానే పెట్టుకోవాలని డెస్ పంతం. సెసీలియా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. అలా ఊరికే నిలబడటం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. మూడు నెలలకు, ఒక మంగళవారం, ఆఖరి గుండీ కాజాలో దూరింది.

"చూశావా. ఇక నీకు పనేం లేదు, టీ పెట్టుకు తాగు" అన్నాడు డెస్.

వెళ్లేముందు ఫోనులో ఆ రోజు రిపోర్టు రాయాలి. పొంగిపోయి రాసింది: "డెస్ ఇవాళ ఎవరి సాయమూ లేకుండా చొక్కా తొడుక్కున్నాడు." యాభై నిమిషాలు పట్టిందనీ, ఆ అలసటకు టోస్టు ముట్టకుండా కుర్చీలోనే నిద్రపోయాడనీ రాయలేదు. సంతోషంలో అవెందుకు అనుకుంది.

ఆ పని ఇప్పించిన వదిన మెలియానె ఆదివారం చర్చి మెట్ల మీద ఈ మాట విని తలపట్టుకుంది.

"చేతకానిది రాయవే పిచ్చిదానా. చేతనైంది రాస్తే గవర్నమెంటువాళ్లు అతనికిచ్చే సాయం గంటలు కోసేస్తారు."

"అబద్ధం రాయమంటావా వదినా?"

"యాభై నిమిషాలు అబద్ధమా?"

సెసీలియా మూతి ముడుచుకుంది. మేనేజరు రోజ్లిన్ ఆ రిపోర్టును మీటింగులో అందరికీ చదివి వినిపించింది మరి. "ఇలాగే రాస్తూ ఉండు, బంగారం" అని భుజం తట్టింది. అలాగే రాస్తూ పోయింది.

ఆగస్టులో డెస్‌కు గవర్నమెంటు నుంచి ఉత్తరం వచ్చింది. సాయానికి మనిషొచ్చే ఉదయాలు వారానికి ఏడు కాస్తా రెండయ్యాయి. దాన్ని ఆమె ముందుకు తోసి "పైకి చదువు" అన్నాడు. రెండో పేజీలో కారణం ఉంది. ఆమె వాక్యమే, పొల్లుపోకుండా. సగంలో చదవడం ఆపేసింది.

"నీ రాతేనా?"

"నాదే."

"ఆ గుండీలు నీకు చూపిద్దామని పెట్టుకున్నా సెసీ. వాళ్లకు కాదు."

ఆమె నేరుగా ఆఫీసుకు వెళ్లింది. రోజ్లిన్ కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు.

"రిపోర్టులు అడిగారు, పంపాం. రాసింది మార్చడానికి లేదు. అయినా నీకెందుకమ్మా దిగులు, ఆ ఉదయాలకు నీకు ఇంకో ఇల్లు చూసే పెట్టాను."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. మెచ్చుకున్నదీ ఆ నోరే. తిట్టాలని నోరు తెరిచింది సెసీలియా. తానూ డెస్‌కు చేసింది అదేనని తోచి, కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడింది.

గురువారం వెళ్లేసరికి డెస్ చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. ఎన్నింటికి లేచాడో. ఆమెను చూశాక ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఆరూ విప్పి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పెట్టు."

"నీకు వచ్చు కదా డెస్."

"రాదు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి ఒక్కొక్కటీ పెట్టింది. అతను కిటికీకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఫోను తీసి రాసింది: "డెస్ ఇవాళ గుండీలు పెట్టుకోలేకపోయాడు."

"చదువు" అన్నాడు. చదివింది.

"బాగుంది. ఇలాగే రాస్తూ ఉండు."