నూనె గుడ్డ

రోజూ పొద్దున్నే ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ నుంచి వచ్చి ప్రయోగశాల తలుపు తీయగానే అటెండరు గవరయ్య ‘సింహాద్రప్పన్నా’ అనుకుంటూ బల్లమీది లోహపు కడ్డీలను ఆవనూనె గుడ్డతో తుడిచేవాడు. ఇదివరకు రేవులో పనిచేసినప్పుడు పనిముట్లకు చేసిన అలవాటది. ఇక్కడ ఎవరూ చెప్పిందీ లేదు, చూసిందీ లేదు. ఇనుము, అల్యూమినియం, క్రోమియం కలిపి కరిగించిన కడ్డీలవి. ఉక్కుకన్నా తేలిక, ఎర్రగా కాల్చినా తుప్పు పట్టవు. బాయిలరు గొట్టాలకు పనికొస్తాయేమోనని, రాజమండ్రి నుంచి పరిశోధనకు వచ్చిన సుభాషిణి మూడేళ్లుగా వాటిని యంత్రంలో సాగదీసి చూస్తోంది. శ్రావణంలో గవరయ్య వారంపాటు జ్వరంతో మంచం పట్టాడు. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంది.

“మొన్నటిదాకా సాగినవి ఇప్పుడు గాజుల్లా విరుగుతున్నాయి బాబాయ్. ఇక నా చదువు గంగపాలే.”

ఉద్యోగం పోతుందేమోనన్న భయమున్నా గవరయ్య ఉన్నమాట చెప్పేశాడు. “నాను రోజూ నూనె రాసీవోడినమ్మా. ఈ ముసురుగాలి తగిల్తే ఏటైనా పాడైపోద్ది.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నువ్వడిగితే కదా!”

సుభాషిణి నవ్వలేక నవ్వి, ఒక కడ్డీకి తనే నూనె రాసి యంత్రానికి బిగించింది. అది విరగకుండా సాగింది. తుప్పు పట్టించకపోయినా, గాలిలోని తేమే వాటిని పెళుసు చేస్తోందన్నమాట. వ్యాసంలో నీ పేరూ వేస్తానంది.

గవరయ్య స్టూలు మీద కూలబడ్డాడు. “పేరెందుకులేమ్మా. ఒళ్లింకా కాల్తంది. పెద్దసారుకి సెప్పి ఇంకో నాల్రోజులు సెలవిప్పించవా?”