అమ్మ నడక, నా స్క్రీన్‌షాట్లు

ఆదివారం పొద్దున నా పరువు చెంగిచెర్ల అవతల ఒక ప్లాట్ల వెంచర్‌ల పోయింది. ఎవరికన్న దొరికితే మీ దగ్గరనే ఉంచుకోండ్రి. నాకు ఇప్పట్ల దాని అవసరం పడేటట్టు లేదు.

అసలు సంగతేందంటే, నేను మా కాలేజీ క్రాస్ కంట్రీ టీమ్‌ల ఉన్న. అవును, నేనే! మెట్రో స్టేషన్‌ల ఎస్కలేటర్ ఆగిపోతే, పక్కన మెట్లు కనవడుతున్నా లిఫ్ట్ కోసం లైన్‌ల నిలబడే మౌనికనే. క్రాస్ కంట్రీ అంటే గ్రౌండ్‌ల గుండ్రంగ తిరుగుడు కాదు. మట్టి, రాళ్ళు, గుంతలు, ఏదొస్తే దాని మీదికెళ్ళి ఉరుకుడు.

నాకు పరుగు మీద ప్రేమ గిట్ల ఏం లేదు. నాకున్నది అటెండెన్స్ కష్టం. అరవై ఒక్క పర్సెంట్! డెబ్బై ఐదు లేకపోతే పరీక్ష రాయనియ్యరు, ఏడాది గోవింద. క్లాసుల కూసునుడు నాతోని కాదు మరి. ఏదైనా వీడియోలు చూసి సొంతంగ నేర్చుకునే రకాన్ని. గిటార్ మూడు తీగల దాక నేర్చుకున్న. కొరియన్ భాష నమస్కారం దాక. కేకు చేసుడు ఇంట్ల ఫ్యూజు కొట్టేసేదాక. స్పోర్ట్స్ వాళ్ళకు అటెండెన్స్ కలుపుతరని తెల్వంగనే పీడీ సార్ రూముకు ఉరికిన. మనస్ఫూర్తిగ నేను ఉరికింది ఆ ఒక్కసారే.

పీడీ సార్ అంటే మా ఆటల సార్. మెడల విజిల్, చేతుల ఎప్పుడూ ఫోన్.

"ఎన్నడన్న ఉరికినవా?" అన్నడు.

"వీడియోలు మస్తు చూసిన సార్."

"సరే, పేరు రాయి. ఆడపిల్లలు దొరుకుతనే లేరు. గని ఒక్కటి గుర్తుపెట్టుకో. రేసు మొత్తం పూర్తి చేస్తెనే నీ అటెండెన్స్ ఫారం మీద సంతకం. నడుమల ఆగినోళ్ళకు నా పెన్ను నడవది."

మొదటి రోజు నేను గ్రౌండ్‌కు పోయిన తీరు చూడాలె! కొత్త బూట్లు, చేతికి బ్యాండు, నెత్తికి బ్యాండు. మా కెప్టెన్ శిరీష బోడుప్పల్ పిల్ల. కాలేజీ బస్సు పోతే ఎనుకనే ఉరికి క్లాసుకు టైముకొచ్చే మనిషి. ఆమె కాళ్ళు సాపుకుంటుంటే నేను పక్కన నిలబడి అడుగు ఎట్ల వెయ్యాలె, ఊపిరి ఎట్ల తీయాలె, రేసుకు ముందురోజు అన్నం ఎందుకు ఎక్కువ తినాలె అన్నీ చెప్పిన. ఓపికగ ఇన్నది.

"అయిపోయిందా?"

"ఇంకొంచెం ఉంది..."

"అది ఉరుక్కుంట చెప్పు."

ఉరుక్కుంట ఒక్క మాట చెప్పలేకపోయిన. మూడో రోజుకు కాళ్ళు కొయ్యలైనయి. నాలుగో రోజు మంచం దిగలె.

సరిగ్గ అప్పుడే సార్ గ్రూపుల ఒక మెసేజ్ పెట్టిండు. "గ్రౌండ్‌కు రాలేనోళ్ళు ఇంటి కాడనే ఉరుకుండ్రి. యాప్ ఆన్ చేసి రోజూ స్క్రీన్‌షాట్ పెట్టాలె." ఆ రోజు నుంచి మా టీమ్ గ్రౌండ్‌ల కంటే గ్రూపులనే ఎక్కువ ఉరికింది.

ఇగ మా అమ్మ సంగతి చెప్పాలె. మేముండేది చిల్కానగర్. అమ్మ నాచారంల ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తది. ఏడున్నరకు గేటు మూస్తరు. ఒక్క నిమిషం లేటయినా వాచ్‌మన్ చేతులు కట్టుకొని ఆకాశం దిక్కు చూస్తడు. అందుకని అమ్మ రోజూ పొద్దుగాల నడిచే పోతది, నాలుగు కిలోమీటర్ల పైనే. "ఆటో ఎక్కరాదే అమ్మా" అంటే, "ఆటో సిగ్నల్ కాడ ఆగుతది, నేను ఆగ" అంటది. టిఫిన్ సంచి చంకల పెట్టుకొని, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి చెక్కుకొని బయల్దేరిందంటే కుక్కలు గూడ పక్కకు జరుగుతయి.

మా ఇంట్ల నా పాత ఫోన్ ఒకటుండె, అద్దం పగిలింది. దాంట్ల నా పేరు మీదనే యాప్ ఆన్ చేసి తాడు కట్టి అమ్మ మెడల ఏసిన.

"ఏందే ఇది?"

"నీ అడుగులు లెక్కపెడుతదమ్మా. ఆరోగ్యానికి మంచిది. ఇల్లు దాటంగనే ఈ బటన్ ఒత్తు, కంపెనీ గేటు కాడ మళ్ళ ఒత్తు."

అమ్మ మురిసిపోయింది. "నా బిడ్డకు నా మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో!" అని పక్కింటి లక్ష్మి పెద్దమ్మకు గూడ చెప్పుకున్నది. నాకు ఆ మాట జర గుచ్చుకున్నది. గుచ్చుకున్నా దుప్పటి కప్పుకొని పడుకున్న.

సాయంత్రం స్క్రీన్‌షాట్ తీసుడు, గ్రూపుల పెట్టుడు, దాని కింద పడే లైకుల బొటనవేళ్ళు లెక్కపెట్టుకునుడు. ఇదీ నా ట్రైనింగ్. ఆదివారాలు పోంగ ఇరవై మూడు రోజులు! ఒక రోజు సార్‌కు అనుమానమొచ్చింది.

"మౌనికా, రోజూ ఒకే జాగల రెండు నిమిషాలు ఆగుతున్నవు, ఎందుకు?"

అక్కడ అమ్మ, తోటి పనామె ఇంటికి తాళం ఏసుకునేదాక ఆగుతది.

"రికవరీ సార్" అన్న.

"శెభాష్! స్పీడు సంగతి తర్వాత, ఈ పిల్ల క్రమశిక్షణ చూడుండ్రి. ఒక్క పూట మానలె!" అని సార్ నా ఫోటో ప్రింట్ తీయించి నోటీసు బోర్డు మీద అంటించిండు. కింద పెద్ద అక్షరాలల్ల 'ఈ నెల రన్నర్'. ప్రిన్సిపాల్ మేడం నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. శిరీష మాత్రం బోర్డు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, బాటిల్ మూత పెట్టుకొని పోయింది.

ఇగ ఆదివారం రేసు. కాలేజీల నడుమ పోటీ, ఆడపిల్లలకు ఆరు కిలోమీటర్లు, గంట టైము. గంట దాటితే లెక్కల లేనట్టే. టీమ్‌ల నలుగురు గీత దాటితెనే టీమ్ కింద లెక్క. మావోళ్ళు ఆరుగురు రావాలె. ఒకామెకు జ్వరం, ఒకామెకు పెండ్లిచూపులు. సరిగ్గ నలుగురం మిగిలినం. శిరీష నా నంబరు గుడ్డకు పిన్నీసు పెట్టుకుంట చెవుల చెప్పింది.

"నువ్వు ఆగితే నిన్ను ఇక్కడనే రెండొందల గజాలు కొలిచి అమ్మేస్త."

ఎందుకంటే రేసు పెట్టింది ఖాళీ వెంచర్‌ల. పేరుకు క్రాస్ కంట్రీ గని ఆ దిక్కు ఊళ్ళన్నీ ఎప్పుడో ప్లాట్లయినయి. పెద్ద కమాను, రంగురంగుల జెండాలు, ఎక్కడ చూసినా నంబర్లేసిన హద్దు రాళ్ళు. అయిదు రౌండ్లు తిరగాలె.

విజిల్ ఊదంగనే బాణం లెక్క పోయిన. నిజంగ! శిరీష పక్కనే ఉన్న. అందరికంటే ముందల నేను కనవడంగనే సార్ వీడియో తీసిండు. అది నలభై సెకండ్లున్నది. నా రేసు గూడ నలభై సెకండ్లే ఉన్నది. ఆ తర్వాత జరిగింది రేసు కాదు, ప్లాట్లు చూసుడు. పద్నాలుగో నంబరు కాడ పక్కల నొప్పి. ముప్పై ఒకటి కాడ దగ్గు. రెండో రౌండ్ల శిరీష నన్ను ఒక రౌండు దాటి పోయింది, మూడో రౌండ్ల మళ్ళొకసారి. "ఉరుకే!" అని ఒకసారి అన్నది, రెండోసారి అది గూడ అనలె.

గంతల ఒకాయన ఇస్త్రీ అంగితోని నా పక్కన నడుచుకుంట వచ్చిండు. చేతుల రంగు కాగితాలు.

"మేడం, ప్లాట్ చూడనీకి వచ్చిన్రా? ఈస్ట్ ఫేసింగ్ రెండే మిగిలినయి."

"అన్నా... నేను... ఉరుకుతున్న..."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసిండు. పాపం నమ్మలె. "ఇక్కడికెళ్ళి పోచారం పది నిమిషాలే మేడం."

"ఫినిష్ లైన్ ఎన్ని నిమిషాలో చెప్పన్నా!"

"మీరు పొయ్యే తీరుకా?" అని ఒక కాగితం నా చేతుల పెట్టి పోయిండు.

చివరి రౌండ్. నా ఎనుక ఎవ్వరు లేరు. దూరంగ దారి పొడుగున కట్టిన తాడు చుట్టుడు సుత మొదలుపెట్టిన్రు. టైము యాభై రెండు నిమిషాలు. శిరీష గీత కాడ నిలబడి రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నది. నా కాళ్ళు ఆగిపోయినయి. ఒక హద్దు రాయి మీద కూసుందామని వంగిన.

"ఏయ్! గక్కడ కూసున్నవంటే సూడు!"

తాడు అవతల మా అమ్మ! నేను రమ్మననే లేదు. మెడల పాత ఫోన్, చంకల టిఫిన్ సంచి. నేను నంబరు గుడ్డ ఇస్త్రీ చేస్తుంటే దాని మీద జాగ పేరు చూసిందంట, సెలవు రోజే గదా అని దారి అడుక్కుంట వచ్చిందంట.

"అమ్మా, అయితలేదే..."

"గేటు మూస్తరు! నడువ్!"

అంతే, తాడు అవతలికెళ్ళి అమ్మ నడుసుడు మొదలుపెట్టింది. ఎనుకకు తిరిగి చూస్తె ఒట్టు. "కాలు బార్ల సాపకు. చిన్నగ ఎయ్యి, బిరబిర ఎయ్యి" అనుకుంట పోతనే ఉన్నది. ఇదే ముచ్చట నేను శిరీషకు మొదటి రోజు అరగంట చెప్పిన, ఇంగ్లీషుల. అమ్మ నడుస్తున్నది, నేను ఉరుకుతున్న. ఇద్దరి నడుమ దూరం తగ్గుతలేదు! చూసినోళ్ళు ఎవరికి చప్పట్లు కొట్టాల్నో తెల్వక ఇద్దరికీ కొట్టిన్రు.

గీత దాటిన. యాభై తొమ్మిది నిమిషాలు దాటి సెకండ్లు నడుస్తున్నయి. అమ్మ అప్పటికే అక్కడ నిలబడి నిమ్మకాయ పులిహోర డబ్బా మూత తీస్తున్నది. నాలుగు టీములల్ల మాది నాలుగో స్థానం. సార్ సంబురం చూడాలె! "చూసిన్రా? ఇరవై మూడు రోజుల క్రమశిక్షణ!" అని ఫారం తీసి జేబుల పెన్ను కోసం చెయ్యి పెట్టిండు.

ఇంకొక్క నిమిషం. ఒక్క నిమిషం అమ్మ నోరు మూసుకున్నా నా బతుకు వేరే తీరుగుంటుండె.

"సార్, నేను గూడ రోజు నడుస్త సార్. మా పిల్లనే ఫోన్ ఇచ్చింది, జర సూడున్రి" అని అమ్మ మెడల తాడు తీసి ఫోన్ సార్ చేతుల పెట్టింది.

సార్ చూసిండు. పైన నా ఫోటో, నా పేరు. వేలితోని కిందికి జరిపిండు. నిన్న. మొన్న. అంతకు ముందురోజు. చిల్కానగర్ టు నాచారం. అదే జాగల రెండు నిమిషాలు.

"అమ్మా, ఇక్కడ రోజు ఎందుకు ఆగుతరు?"

"సుజాత తాళం ఏసుకోవాలె గద సార్."

"మరి మౌనిక ఏ టైముకు ఉరుకుతది?"

"ఆమె ఎక్కడ సార్! నేను పోయేటప్పుడు ముసుగు తన్ని పంటది."

శిరీష పులిహోర నమలుడు ఆపి ఎనుకకు తిరిగింది. భుజాలు ఊగుతున్నయి. అమ్మ మా మొఖాలు చూసింది, ఫోన్ చూసింది. అర్థమైంది. నా చేతులకెళ్ళి డబ్బా తీసుకొని శిరీష ముందర పెట్టింది.

సార్ పెన్ను మూత పెట్టిండు. నన్ను పట్టియ్యనీకి ఆయనకూ మొఖం లేదు. బోర్డు మీద ఫోటో అంటించింది ఆయనే, చప్పట్లు కొట్టింది ప్రిన్సిపాల్ మేడమే. ఆఖరికి తీర్పు చెప్పిండు.

"రేసు పూర్తి చేసినవు, కాదనను. సంతకం పెడుత. గని ఇరవై మూడు రోజులు మీ అమ్మతోని కంపెనీ దాక పోవాలె, ఉరుకుడో నడుసుడో నీ ఇష్టం. స్క్రీన్‌షాట్లు వద్దు. రోజు అమ్మనే ఫోన్ చేసి నాకు చెప్పాలె."

ఇయ్యాల మూడో రోజు. పొద్దున కంపెనీ గేటు కాడికెళ్ళి అమ్మ ఫోన్ చేసిందంట. సార్ ఆ ముచ్చట కాలేజీల నాకు చెప్పి మళ్ళొకసారి నవ్విండు.

"వస్తున్నది సార్, మా పిల్ల నా ఎంబడే ఉన్నది. ఆఁ... కనవడుతలేదు గని, ఉన్నది."