కిటికీలు మూసిన ల్యాబులో దీపం

ఆ శనివారం సాయంత్రం మా వీధి భజనలో హారతి పళ్ళెం పట్టుకున్న మావారి చేయి వణికింది. వెలుగుతున్న కర్పూరం జారి చాప మీద పడింది. ఎవరో చప్పున చెంబుడు నీళ్ళు కుమ్మరించారు. పక్కనున్న పెద్దాయన నవ్వుతూ, "ఏమప్పా, మధ్యాన్నం అన్నం తినలేదా?" అన్నాడు. అంతే! మావారు పళ్ళెం నేలకేసి కొట్టి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి వచ్చేశారు. చాప కాలితే కాలింది, నన్ను భయపెట్టింది ఆ కోపమే. ఆయన అంత కోపపడడం మా కాపురంలో అదే మొదలు.

ఆయన సంగతి చెప్పాలి. అవి డెబ్బైల చివరి రోజులు. మావారు తిరుపతిలో రీసెర్చ్ కెమిస్టు. సన్నటి గాజుగొట్టంలోంచి బొట్లు బొట్లుగా రాలే పాదరసంతో, నీళ్ళలో ఏ లోహం ఎంత కలిసిందో కనిపెట్టడం ఆయన పని. ఆదివారం వస్తే సంచి నిండా ఖాళీ సీసాలతో పలమనేరు బస్సెక్కేవారు. పల్లెల్లో బావినీళ్ళు పట్టి తెచ్చి, పరీక్ష చేసి, పిల్లల పళ్ళు గారపట్టించే ఫ్లోరైడు ఏ బావిలో ఉందో మళ్ళీ వెళ్ళి ఊళ్ళోవాళ్ళకు చెప్పి వచ్చేవారు. "సామికి నేను జేసే అభిషేకం ఇదే" అనేవారు. భక్తి కూడా అంతే గట్టిది. ల్యాబులో ఆయన బల్ల మీద ఏడుకొండలవాడి పటం ఉండేది. తలుపు తీయగానే దాని ముందు దీపం వెలిగించాలి, సాయంత్రం దాకా అది ఆరకూడదు!

వణుకు తగ్గలేదు. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టుంది అనేవారు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో రక్తం. నిద్ర లేదు. ఊళ్ళో డాక్టరు "నరాల వీక్‌నెస్" అని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు రాశాడు. మా అత్త దిష్టి తీసి మిరపకాయలు మంటలో వేసింది. వీధిలోవాళ్ళు ఊరుకుంటారా? సారు చాటుగా తాగుతున్నాడని చెవులు కొరుక్కున్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. కోపాన్నే ఓర్చుకోలేకపోయాను. చారులో ఉప్పు తగ్గిందని గిన్నె గోడకేసి కొట్టారు. పలకరింపుకు ఎవరొచ్చినా గది తలుపేసుకునేవారు. ఆదివారం సీసాల సంచి మూలన పడింది. ఒకరోజు ఇంట్లో దేవుడి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "సామికి నేను పనికిరాకుండా పోయినాను" అన్నారు. ఓదార్చబోతే నన్ను తోసేశారు. ఆ రోజే పుట్టింటికి పోదామని ట్రంకుపెట్టె సర్దుకున్నాను.

అత్త గడపలో అడ్డం నిలబడింది. "వాణ్ణి ఒకసారి వేలూరు పెద్దాసుపత్రికి తీసకపోదాం మే. ఆడ గూడా తేలకపోతే నేనే నిన్ను బస్సెక్కిస్తా" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి పెట్టె దించాను.

పోయే ముందు నా చేతిసంచిలో ఇంకో వస్తువు వేసుకున్నాను. ఆ ఏడు ఆయుధపూజకు ల్యాబులో పరికరాలన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టడానికి నేనూ వెళ్ళాను. అక్కడ పటం ముందు వాడిన పూల కింద మావారి పెళ్ళి ఉంగరం కనబడింది. బంగారమంతా తెల్లటి మచ్చలు! ఉంగరం చేసిన చిత్తూరు ఆచారి వెండి కలిపి మోసం చేశాడని నాకు ఒళ్ళు మండింది. ఆయనకు చెబితే ఇంకో గిన్నె పగులుతుందని చప్పుడు చేయకుండా కొంగున కట్టుకుని వచ్చాను. వేలూరు బస్సు చిత్తూరు మీదుగానే పోతుంది కదా, తిరుగు ప్రయాణంలో ఆచారి పని పట్టొచ్చు అనుకున్నాను.

వేలూరులో రక్తం, ఎక్స్‌రే, నరాల పరీక్షలు అన్నీ అయ్యాయి. "పార్కిన్సనిజమనే వణుకుడు జబ్బు కావచ్చు, చూద్దాం" అంది డాక్టరమ్మ. పనిలో ఏమేం వాడతారని అడిగింది. మావారికి రోషం వచ్చేసింది. "పాదరసం వాడతా. అయితే ఏంది? నాకు జాగ్రత్తలు మీరు నేర్పాల్నా? చేత్తో తాకను. ఉంగరం గూడా ఎప్పుడో తీసి సామి ముందర పెట్టేసినా!"

ఉంగరం అనగానే నేను ఉండబట్టలేక, "ఆ ఉంగరమే తెల్లగా అయిపోయింది డాక్టరమ్మా" అని సంచిలోంచి తీశాను.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది! మావారు ఉంగరం లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసి, "అమాల్గమ్... బంగారానికి పాదరసం పట్టింది" అన్నారు. "దీన్ని నేను పాదరసం దగ్గరికి తీసకపోలేదే!"

"అయితే పాదరసమే దీని దగ్గరికి వచ్చింది. ఆవిరై గదంతా ఉంది" అంది ఆమె. "కిటికీలు తీస్తారా? ఫ్యాను ఉందా?"

"దీపం ఆరిపోతాదని అన్నీ మూసిపెడతా."

చెబుతూనే ఉంగరాన్ని బల్ల మీద పెట్టారు. ఉన్నట్టుండి మావారు నవ్వారు. నెలల తర్వాత విన్న నవ్వు! "ఊరందరి నీళ్ళూ టెస్టు జేసినా. నా గదిలో గాలి టెస్టు జేసుకోలేదు సూడమ్మా!" అన్నారు.

ఆ నవ్వుకు నా కట్ట తెగింది. పరువు పోతుందని అంతవరకూ దాచిన గిన్నెలు, తిట్లు, ట్రంకుపెట్టె, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. డాక్టరమ్మ నా భుజం పట్టుకుంది. "ఆ కోపం ఆయనది కాదమ్మా, పాదరసానిది. అది నరాలకెక్కితే మనిషి గుణమే మారిపోతుంది. ఈ మాట మొదటే ఏల చెప్పలేదు?"

ఆ ఆస్పత్రి వరండాలో గంతులేయాలనిపించింది. నా మొగుడు నాకు దొరికాడు!

యూరిన్ టెస్టులో పాదరసం బయటపడింది. పెన్సిలమిన్ క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. కొద్ది రోజులకే ఒళ్ళంతా ర్యాష్, జ్వరం. మందు ఆపేయాల్సి వచ్చింది. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నారాయన. నాకు మళ్ళీ భయం పట్టుకుంది. జ్వరం తగ్గాక చిన్న డోసుతో తిరిగి ప్రారంభించారు, ఈసారి ఒళ్ళు తట్టుకుంది. ఒకరోజు నేను కాఫీ తెచ్చేసరికి మంచం మీద కూర్చుని నర్సుకు పాఠం చెబుతున్నారు! "ఈ మందులో గంధకం ఉండాది గదమ్మా, అది పాదరసాన్ని గట్టిగా పట్టుకుని మూత్రంలో బయటికి ఈడ్చకపోతాది!" ఆ పిల్ల మందులబండి వదిలేసి నోరు తెరుచుకుని వింటోంది. నేను తలుపు చాటున నిలబడి ఆనందంతో ఏడ్చాను.

చేతులు కుదుటపడడానికి ఏడాది దాటింది. ఇప్పటికీ అలిసిపోతే సంతకం కొంచెం వంకరపోతుంది. ల్యాబుకు వెళ్ళిన మొదటిరోజే కిటికీలన్నీ తెరిపించారు. "దీపం సామి అడగలేదు, నేనే పెట్టినా. గాలి మాత్రం సామే ఇచ్చినాడు" అన్నారు. దీపం ఇప్పుడు ఇంట్లోనే వెలుగుతోంది. రిటైరయ్యేదాకా ఆదివారాల్లో బావులతో పాటు జిల్లాలోని కాలేజీ ల్యాబులకూ తిరిగారు. నేలపగుళ్ళలో దాక్కున్న పాదరసం మీద గంధకం పొడి చల్లించి, కిటికీలు తీయించి వచ్చేవారు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో శాంతంగా ఉండే మనిషి ఉన్నట్టుండి మారిపోతే, పెట్టె సర్దుకునే ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. వణుకు చెప్పినట్టే కోపాన్నీ చెప్పండి. పరువని దాచొద్దు, అదీ జబ్బులో భాగమే కావచ్చు.

నిన్న కూడా మావారు నా మీద కోప్పడ్డారు, కాఫీలో చక్కెర లేదని. నేనూ ఊరుకోలేదు, నాలుగు మాటలన్నాను. అది ఆయన సొంత కోపమే. నేను పెట్టె వైపు చూడనైనా చూడలేదు.