మోతీ కళ్ళు

డెబ్బై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానికి సాక్ష్యం నా ఇనప్పెట్టెలో ఉంది. దూడ మెడలో కట్టే చిన్న ఇత్తడి గంట. రెండు తులాలు కూడా తూగదు. ఏడాదికోసారి చీరలు ఎండకు వేసేటప్పుడు చేతికి తగిలి మోగుతుంది. ఆ రోజు నాకు అన్నం సహించదు. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయాడు. పిల్లలకు చెప్పలేదు, వాళ్ళకే మనవలు వచ్చారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. పేరు మాత్రం అడగకండి.

మెదక్‌లో చర్చి వెనక సందులో మా ఇల్లు. మా వాకిట్లో నిలబడి తలెత్తితే చర్చి గోపురం కనిపించేది. పదిహేడో ఏట కాపురానికి వచ్చినప్పుడు అంత ఎత్తు కట్టడం నేనెన్నడూ చూసి ఉండలేదు, పని మరిచిపోయి చూస్తూ నిలబడేదాన్ని. మేము లింగాయతులం. మెడలో లింగం, నుదుట విభూతి, పూజ కానిది పచ్చి మంచినీళ్ళు ముట్టని ఇల్లు. మా ఆయనది బట్టల దుకాణం. పక్కిల్లు ఖైరున్ బీది. మొగుడు పోయాక తమ్ముడి దగ్గర ఉంటూ రజాయిలు కుట్టేది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, అంటే అక్క. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీద నడిచి వచ్చేది ఆపా పిల్లి, మోతీ. తెల్లటిది, ఒక చెవి మాత్రం ఇటుక రంగు. ఆపా దూది ఏకుతుంటే ఆ దూదిలోనే పడుకునేది. దూది ఎక్కడో పిల్లి ఎక్కడో తెలిసేది కాదు.

అవి చెడ్డ రోజులు. ఊళ్ళల్లో సంఘం వాళ్ళకూ దొరలకూ పోరు. చేగుంట వైపు నుంచి రోజుకొక కబురు వచ్చేది, ఏ కబురు నిజమో ఏది కాదో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం దొరల వైపు వాళ్ళు నలుగురు తుపాకులతో మా ఇంటి మీదకు వచ్చారు. మా ఆయన సంఘం వాళ్ళకు బట్టలిస్తున్నాడని ఎవరో చెప్పారట. ఆయన వడ్ల గుమ్మి వెనక దాక్కుని ఉన్నాడు. అప్పుడు ఆపా వచ్చింది. చేతిలో రజాయి సూది, సూదిలో దారం, అట్లాగే వచ్చి మా గడప మీద కూర్చుంది. వీళ్ళు నా వాళ్ళు, లోపలికి పోవాలంటే నన్ను దాటి పొండి అని ఉర్దూలో చెప్పి, ఒడిలో ఉన్న గుడ్డను కుట్టుకుంటూ ఉండిపోయింది. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆమె కుట్టు ఎక్కడా వంకర పోలేదు, నేను తర్వాత చూశాను.

నా పసుపుకుంకాలు ఆమె పెట్టిన భిక్ష. ఇది ముందు చెబుతున్నాను, తర్వాత నేను చేసింది మీకు సరిగ్గా తెలియాలని.

పోలీస్ యాక్షన్ వచ్చింది. మిలిటరీ లారీలు ఊళ్ళోకి వచ్చాయి. అప్పటిదాకా మా ఇంట్లో ఉన్న భయం గోడ దాటి ఆపా ఇంట్లోకి పోయింది. మా ఇంట్లో ఉండమని మా ఆయన చెప్పాడు, నేనూ చెప్పాను. తమ్ముడు ఒప్పుకోలేదు. పట్నంలో చుట్టాలున్నారని బండి మాట్లాడుకుని వచ్చాడు. ఆపా రెండు మూటలు బండిలో పెట్టి మోతీని ఎత్తుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఇల్లు చూసుకోమని అడగలేదు. సామాను చూసుకోమని అడగలేదు. పిల్లిని చూసుకోమంది, అంతే. మీ ఇంట్లో నీసు ముట్టరని నాకు తెలుసు చెల్లే, నువ్వు ముట్టొద్దు, చూడను కూడా చూడొద్దు అంది. కటిక మల్లయ్యతో చెప్పిపెట్టిందట. అతను పొద్దున్నే దుకాణానికి పోతూ మోదుగాకులో రెండు ముక్కలు చుట్టి మా పెరటి గోడ అవతల పెట్టిపోతాడు. నేను చెయ్యవలసింది ఒకటే. పెరటి తలుపు తీసి ఉంచాలి.

ఒక తలుపు. తీసి ఉంచడం. నన్ను కాపాడిన మనిషి నన్నడిగింది అంతే.

మొదటి పదిరోజులు తీశాను. మోతీ గోడెక్కి అవతలికి దూకి, తిని, మూతి నాక్కుంటూ వచ్చి నా పూజగది ముందు కూర్చునేది. నాకు ఒళ్ళు జలదరించేది. అది అసహ్యమేనా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. అసహ్యమే అయితే నన్ను కొంత క్షమించుకునేదాన్ని. కానీ అందులో ఇంకోటి ఉంది. నేను దాన్ని మార్చాలనుకున్నాను. మా ఇంటి కుక్క పుట్టినప్పటి నుంచి జొన్న గటక, మజ్జిగ తిని ఎద్దులా ఉండేది. కుక్క బతకగా లేనిది పిల్లి బతకదా అనుకున్నాను. ఇంత పుణ్యం ఉన్న ఇంట్లో ఉంటే దానికి మంచి జన్మ వస్తుందనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ పిల్లని, శివుడు చేసిన కడుపును దిద్దబోయాను.

పదకొండో రోజు తలుపు వేశాను.

వాకిట్లోకి కూడా వదలలేదు, మోతీ ఆ తలుపు దగ్గర అరిచింది. మూడు రోజులు అరిచింది. ఆ తర్వాత పాలలో నానేసిన జొన్నరొట్టె తినడం మొదలుపెట్టింది, పప్పన్నం తింది, నెయ్యి వేస్తే గిన్నె నాకింది. నాకు ఎంత గర్వమో. ఎలుకను పట్టకుండా ఏం చెయ్యాలి? పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత. నేను కట్టాను. మా దూడ మెడలో గంట విప్పి దాని మెడకు కట్టాను. పాపం అది ఎంత నక్కి నక్కి పోయినా గంట మోగేది, ఎలుక తప్పించుకునేది. కొన్నాళ్ళకు వేటే మానేసింది. సోమవారం సోమవారం దాని నుదుటికి విభూతి రాసేదాన్ని. సందులో ఆడవాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. నీసు ముట్టని పిల్లి అట, ఎన్ని జన్మల పుణ్యమో అని దండం పెట్టేవాళ్ళు. దండం పిల్లికి పెట్టినా నాకే తగిలేది.

మల్లయ్య మాత్రం దండం పెట్టలేదు. ఆకు పొట్లాలు విప్పకుండా గోడవతల పడి ఉంటున్నాయని ఒక పొద్దున వచ్చి అడిగాడు. పిల్లి మాంసం మానేసింది, నువ్వు ఇక పెట్టకు అన్నాను. నా కాళ్ళ దగ్గర మోతీ అతని చేతుల వాసనకు పైకి లేచి నిలబడింది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "పిల్లికి నీసు లేకుంటే కండ్లు పోతయమ్మా, మా నాయిన చెప్పెటోడు" అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను. కటికవాడు మాంసం తినమనక ఇంకేమంటాడు అనుకున్నాను.

చూశారా, నాకు తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. ఒక మనిషి వచ్చి చెప్పాడు. నేను విన్నాను.

ఏడాది తిరిగింది. మోతీ కళ్ళు పెద్దవయ్యాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లి కంటిపాప గీతలా సన్నబడుతుంది కదా, దానికి సన్నబడలేదు. నల్లగా, గుండ్రంగా, కంటి నిండా అదే. సూర్యుడి వైపు తిరిగి రెప్ప వేయకుండా కూర్చునేది. ధ్యానం చేస్తోంది అన్నారు ఆడవాళ్ళు. నేనూ ఔనన్నాను. ఒక రోజు పాలగిన్నె జరిపి పెడితే అది పాత చోటే నాకింది, వట్టి నేలను. దాని ముందు కూర్చున్నాను. చెయ్యి ఆడించాను. వేలు కంటిదాకా తెచ్చాను. మోతీ కదలలేదు. ఆ రోజైనా మల్లయ్యకు చెప్పి తలుపు తీశానా? తీయలేదు. ఇప్పుడు తీస్తే ఇన్నాళ్ళూ వేసి ఉంచింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. ఎవరి ముందు? నా ముందే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా ఇంట్లో పిల్లి కళ్ళు తెరుచుకుని ఉంది, మూసుకున్నది నేను.

అయినా అది ఆ చీకట్లో ఎట్లా తిరిగేదో చెప్పాలి. మల్లయ్య పొట్లాలు మానేశాక దాన్ని మళ్ళీ వాకిట్లోకి వదిలాను, గోడ మీద నడిచేది. ఒక్క అడుగు తడబడేది కాదు. రోజూ పొద్దెక్కేసరికి ఆ గోడ మీది నుంచి ఆపా వాకిట్లోకి దిగి, తాళం వేసిన తలుపు ముందు కూర్చుని, ఎండ తిరిగాక వచ్చేది. నేను వంట వదిలేసి చూసేదాన్ని. కళ్ళు పోయినా దారి దాని ఒంట్లో ఎక్కడ ఉండిపోయింది? నాకు చేతులెత్తి మొక్కాలనిపించేది. మొక్కేదాన్ని కూడా. నేనే దాని కళ్ళు తీసి, నేనే దానికి మొక్కాను.

ఏడాదిన్నరకు ఆపా వచ్చింది. ముందు కబురు లేదు. బుర్ఖాలో, చేతిలో ఒక మూటతో మా వాకిటి తలుపు నెట్టింది. ఇంకా ఒక్క మాట మాట్లాడలేదు. మోతీ విసుర్రాయి పక్కన పడుకుని ఉంది. తల ఎత్తింది. గంట మోగింది. లేచి, వాకిలి మధ్యలో ఉన్న నీళ్ళ గోలెం పక్కగా తిరిగి, తిన్నగా పోయి ఆపా కాళ్ళ మీద పడింది. వాకిలి మొత్తం దాటింది, దేనికీ తగల్లేదు. నేను చేతిలో పిండి చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాను. అంతటి వింత నా బతుకులో మళ్ళీ చూడలేదు. చర్చి గోపురం కూడా దాని ముందు చిన్నదే.

ఆపా దాన్ని ఎత్తుకుంది. ముఖం దగ్గర పెట్టుకుంది. ఎముకలు తడిమింది. అప్పుడు కళ్ళు చూసింది.

"దీని కండ్లకు ఏమైంది చెల్లే?"

నేను నిజం చెప్పడానికే నోరు తెరిచాను. ఈ మాట మీరు నమ్మకపోయినా ఫరవాలేదు.

"నువ్వు పోయిన కాన్నుంచి ఏడుస్తనే ఉన్నది ఆపా. మీ తలుపు కాడ కూసొని ఏడ్సి ఏడ్సి కండ్లు పోగొట్టుకున్నది."

"నా కోసమా?"

"నీ కోసమే."

మోతీ మెడ దగ్గర ఆమె వేళ్ళకు గంట తగిలింది.

"మరి గీ గంట?"

"కండ్లు లేనిది గద. యాడికన్న పోతే దొరకాలె గదా అని కట్టిన."

ఆపా నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు దొడ్డదానివి చెల్లే. నేనే పాపిష్టిదాన్ని. గింత ప్రేమున్న జీవిని ఇడిసిపెట్టి పోయిన" అంది.

ఆమె కళ్ళకద్దుకున్న చెయ్యి ఇదే. ఇప్పుడు కలం పట్టుకున్నది.

తర్వాత ఆపా మోతీకి మాంసం పెట్టింది. నెల తిరగకుండానే దాని బొచ్చు నిగనిగలాడింది, ఒళ్ళు నిండింది. చూపు మాత్రం రాలేదు. తనను చూసిన సంతోషానికి బాగుపడ్డదని ఆపా అందరికీ చెప్పింది. యజమాని కోసం ఏడ్చి గుడ్డిదైన పిల్లి అని సందు దాటి, ఊరు దాటి కథ పోయింది. ఒకసారి ఆపా మల్లయ్య దుకాణం ముందు కూడా అదే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. మల్లయ్య కత్తి ఆపి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అతను ముక్కలు ఆకులో చుట్టి ఆపా చేతికిచ్చాడు, మళ్ళీ కత్తి ఎత్తాడు. తను చనిపోయేదాకా అసలు సంగతి ఎవరితోనూ అనలేదు. ఎందుకు? నా మీద జాలా, ఆపా మీద జాలా? అతని మౌనానికి నేను నేటికీ భయపడతాను.

మోతీ ఇంకో మూడేళ్ళు బతికింది. పోయిన రోజు ఆపా గంట విప్పి కడిగి తెచ్చి నాకిచ్చింది, నువ్వు కట్టినది నీ దగ్గరే ఉండాలని.

ఆపా ముసలిదై మంచాన పడ్డప్పుడు రోజూ పోయి కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆమె నాతో అంది, అల్లా ముందు నిలబడ్డప్పుడు అన్నిటికీ జవాబు ఉంది, మోతీ కళ్ళకు మాత్రం లేదు అని. ముప్పై ఏళ్ళు ఆమె నా పాపాన్ని తనదనుకుని మోసింది. అప్పుడు చెప్పవలసింది. గొంతుదాకా వచ్చింది. కానీ ఇంకో ఆలోచన వచ్చి అడ్డం పడింది. తన కోసం ఒక ప్రాణి కళ్ళు పోయేంతగా ఏడ్చిందన్న మాట ఆమెకు బరువే, కానీ ఆమెకున్న ఆస్తి కూడా అదేనేమో. తీసేస్తే ఏం మిగులుతుంది? ఇది దయా? లేక నా పిరికితనం దయ చీర కట్టుకుని వచ్చిందా? తేల్చుకోలేకపోయాను. నాలుగు రోజులకు ఆపా పోయింది.

పోయినేడు మా తమ్ముడి మనవరాలు వచ్చింది. పశువుల డాక్టరు. ఎవరి పిల్లి గురించో అన్నట్టు అడిగాను. కుక్క అయితే గింజలు, పప్పులు తిన్నా నెట్టుకొస్తుంది అమ్మమ్మా, పిల్లి అట్లా కాదు అంది. కంటికి కావలసిన ఒక పదార్థం దాని ఒళ్ళు తయారు చేసుకోలేదట, మాంసం నుంచే రావాలట. ఇప్పుడు మాంసం పెట్టనివాళ్ళు దాన్ని విడిగా కలిపి పెడతారట. అది లేకపోతే కళ్ళు మెల్లగా ఆరిపోతాయి, తర్వాత ఏం పెట్టినా రావు అంది. మల్లయ్య మోదుగాకులో చుట్టి తెచ్చిన రెండు ముక్కల్లో చూపు ఉందన్నమాట. రోజూ గోడ అవతలికి ఒక పిల్లి చూపు నడిచి వచ్చేది, మల్లయ్య తండ్రికి కూడా తెలుసు. దాన్ని అందులో ఎవరు పెట్టారు? ఎంత జాగ్రత్తగా పెట్టారు? నేను తలుపు వేసింది దేని మీదో తలుచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించగలిగింది కాదు, క్షమించగలవాళ్ళు లేరు. కానీ ఒక్కసారి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి చూసుకోవాలని ఉంది. రాస్తున్నాను.

ఆపా, మోతీ నీ కోసం రోజూ మీ తలుపు దగ్గర కూర్చుంది. అంతవరకు నిజం. దాని కళ్ళు మాత్రం ఏడ్చి పోలేదు. మా పెరటి తలుపు వేసింది నేను.