వెనక మాట రాని మైక్

నా టిఫిన్ బండ్ల వీడియోల్లో గచ్చిబౌలి హారన్లే వినిపిస్తున్నాయని మీరంతా తిడుతున్నారు కదా, అందుకే ఈ రోజు మదీనాగూడలో మైక్ కొనడానికి వెళ్లాను.

తేడా చూపిస్తానని షాపాయన ముందుగా నా చిన్న కెమెరాలో ఉన్న పాత వీడియో ఒకటి స్పీకర్లో పెట్టాడు.

"అక్కా, జర నవ్వు. షురూ చేస్తున్న."

షాపంతా మా తమ్ముడి గొంతు. పోయిన ఏడాది బైక్ యాక్సిడెంట్‌లో చనిపోయేదాకా నా వీడియోలన్నీ వాడే తీశాడు.

"చూసిన్రా మేడం, కెమెరా పట్టుకున్నోళ్ల మాటే పెద్దగ వస్తుంది. ఈ మైక్ పెడితే వెనక లొల్లి మొత్తం బంద్," అన్నాడు షాపాయన. పాపం, ఆయనకేం తెలుసు!

కొన్నాను. సాయంత్రం గచ్చిబౌలిలో దోసె బండి దగ్గర కెమెరాను స్టాండ్ మీద పెట్టి ఒక వీడియో తీశాను. ఇంటికొచ్చి చూస్తే హారన్లు బాగా తగ్గాయి, నా మాట శుభ్రంగా ఉంది. కానీ మాట మొదలుపెట్టే ముందు నేను కెమెరా వెనక్కి చూస్తూ కాసేపు ఆగాను. తర్వాత, ఎవరో చెప్పినట్టు, నవ్వాను.

వీడియో కింద పెడుతున్నాను. సౌండ్ ఎలా ఉందో చెప్పండి. మొదట్లో ఉన్న ఆ మౌనాన్ని మాత్రం కత్తిరించమనకండి.