దొరసాని ఊరి రేవు

నా చిన్నప్పుడు, పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి ఒక ఆదివారం మధ్యాహ్నం. మలయాలో ఇపో పట్నానికి ఎగువన రబ్బరు తోటలో, కూలీల ఇళ్ళ వరసలో మా వసారా. ఉన్నవాళ్లు: మా నాయనమ్మ, పక్కింటి అక్క, తోట గుమాస్తా, తోట దొర భార్య అయిన ఫ్రెంచి దొరసాని, నేను. నాకు డైరీ రాసే అలవాటు తర్వాత వచ్చింది కాని, ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఇప్పటికీ చెప్పగలను.

గొడవంతా ఒక్క మాటతో వచ్చింది. దొరసాని వాగు పక్కన రేకుల కప్పు వేయించి, దాని కింద పొడవాటి నీళ్ళ తొట్టి కట్టించింది. మేం బట్టలుతుక్కునే చదును రాళ్ళన్నీ వాగులోంచి పెరికించి తొట్టి అంచున పరిపించింది. ఇదేమిటని అడిగితే, సగం తెలుగు వచ్చిన గుమాస్తా "చాకిరేవు. రేపట్నించి ఆడవాళ్ళంతా ఇక్కడే" అన్నాడు.

నాయనమ్మ భగ్గుమంది. మా ఇంటి వృత్తి బట్టలుతకడం. విశాఖపట్నం వైపు పల్లెలో ఊరందరి మూటలూ మోసీ మోసీ, ఇక ఒకరి గుడ్డ ముట్టనని ఓడెక్కిన మనిషి.

"రబ్బరు సెట్లు గీయడానికొచ్చినాను. బంగళా గుడ్డలుతకడానికి కాదు. రేపే ఎల్లిపోతాను" అంది.

అమ్మానాన్నా పోయాక ఆమె కూలి మీదే మా ఇద్దరి తిండి. తోట వదిలితే ఎక్కడికి పోతామో నాకు తెలియదు. ఆమెకీ తెలియదు.

"రాళ్ళు పీకేసినారు కదత్తా, మరెక్కడుతుకుతాం?" అంది పక్కింటి అక్క.

"నీ నెత్తి మీద!"

గుమాస్తా ఆ చాకిరేవు మాటనే ఇంకాస్త గట్టిగా చెప్పాడు. గట్టిగా చెబితే అర్థం మారుతుందనుకున్నాడేమో. దొరసాని ఆయన మీద విసుక్కుంది, ఆయన మా మీద విసుక్కున్నాడు. చివరికి ఆమె విసవిసా బంగళాకి వెళ్ళి ఒక ఫోటో పట్టుకొచ్చింది.

ఫ్రాన్సులో ఆమె పుట్టిన చిన్న ఊరు. కొండవాలున పెంకుటిళ్ళు, చర్చి గంటల గోపురం, ఏటి మీద రాతి వంతెన. వంతెన పక్కన స్తంభాల మీద నిలిచిన కప్పు, కింద తొట్టి. తరతరాల మోకాళ్ళకి అరిగిన గట్టు మీద ఆడవాళ్ళు బారులుగా మోకరిల్లి ఉతుకుతున్నారు. అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి.

నాయనమ్మ చాలాసేపు చూసింది. గుమాస్తాని పక్కకి తప్పుకోమని, తనకొచ్చిన బజారు మలయ్ భాషలో తనే అడిగింది: "బాజు సియాపా?" ఎవరి బట్టలని.

దొరసాని ఒక ఆడమనిషి మీద వేలు పెట్టింది. వాళ్ళమ్మట. "సెండిరి" అంది. ఎవరివి వాళ్ళవే. సోమవారం వస్తే రొట్టెల కొట్టావిడతో సహా అందరూ అక్కడికే చేరతారట. ఎవరికి పిల్ల పుట్టిందో, ఎవరింట్లో తగువో అక్కడే తెలుస్తుందట. ఇక్కడ బంగళాలో పొద్దంతా ఒక్క మనిషి గొంతూ వినపడదట.

నాయనమ్మ గుమాస్తా వైపు తిరిగింది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదయ్యా బాబూ!"

తర్వాత చాలాచోట్ల పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఏ పేరుతో ఏ పని అప్పగించినా, కోపం తెచ్చుకునే ముందు, తలూపే ముందు కూడా, నాయనమ్మ ప్రశ్నే వేసుకున్నాను. ఎవరి బట్టలు?

ఆ గొడవ మర్నాడు పొద్దున దొరసాని ఒక మూటతో రేవుకి వచ్చింది. నాయనమ్మ మొహం మాడిపోయింది. దొరసాని మాత్రం ఎవరికీ మూట అందించకుండా, తనే మోకరిల్లి ఉతకడం మొదలుపెట్టింది. అదేం ఉతుకుడో!

"అలాక్కాదు, సిరిగిపోద్ది! ఇలాగ, మడతెట్టి!" అంటూ నాయనమ్మ తన చీర బాది చూపించింది. ఎండెక్కేదాకా తిట్టి తిట్టి నేర్పింది. ఆ మూట మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.